యాంజియో చేసే ముందు తెలుగులో నాలుగు మాటలు చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా మామయ్యకు అరవై ఏడేళ్లు, ఎప్పటినుంచో షుగర్. పోయిన నెల ఊరికే కూర్చున్నా ఛాతీలో నొప్పి వచ్చి పోతుంటే గ్యాస్ అనుకుని మూడు రోజులు మాత్రలు మింగి ఊరుకున్నారు. నాలుగో రోజు ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీ, ట్రోపోనిన్ పరీక్ష (గుండె కండరం దెబ్బతిందేమో చూసే రక్తపరీక్ష) చేసి, ఇది అన్‌స్టేబుల్ యాంజైనా (గుండెకు రక్తం సరిగా అందక వచ్చే, కుదురుగా లేని నొప్పి), వెంటనే యాంజియో (గుండె రక్తనాళాల్లో అడ్డంకులు చూసే పరీక్ష) చేయాలి, ఇక్కడ సంతకం పెట్టండి అన్నారు. నాలుగు పేజీలూ ఇంగ్లిషే. అత్తయ్య కళ్లజోడు ఇంట్లోనే ఉండిపోయింది, ఉన్నా చదవలేదనుకోండి, నర్సు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది.

యాంజియో వద్దని నేననను. ఇలాంటి నొప్పి ఏ క్షణాన్నయినా గుండెపోటుగా మారొచ్చు కాబట్టే, రిస్కు ఎక్కువున్నవాళ్లకు 24 గంటల్లోపే చేస్తారు. కానీ రక్తనాళంలోంచి గుండె దాకా సన్నటి గొట్టం పంపడమంటే రక్తపరీక్షకు సూది గుచ్చడం కాదు కదా. సుమారు వెయ్యి మందిలో ఒకరికి ప్రాణం మీదికి వస్తుంది, పక్షవాతమో గుండెపోటో అరుదుగానైనా రావచ్చు, నొప్పి కుదురుగా లేనివాళ్లకు ఈ ముప్పు ఇంకాస్త ఎక్కువ, పైగా రక్తం పలచబడే మందులు అప్పటికే పడుతుంటాయి కాబట్టి రక్తస్రావం భయం ఒకటి. మామయ్యకు తొడ దగ్గర నుంచి చేశారు, అరచేయంత మేర నల్లగా కమిలిపోయింది. మణికట్టు నుంచి చేస్తే రక్తస్రావం తక్కువని మాకు తర్వాత తెలిసింది.

అసలు దెబ్బ కిడ్నీలకు. కిడ్నీలు సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగే క్రియాటినిన్ ముందే 1.9 ఉండేది, మూడో రోజుకి 3.1 అయింది. షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు యాంజియోలో రక్తనాళాలు కనిపించడానికి ఎక్కించే డై (రంగు మందు) పడకపోవచ్చట. ఆ మాట ముందే చెప్పి ఉంటే మేం సంతకం మానేవాళ్లం కాదు, డై తక్కువ వాడతారా, ముందు సెలైన్ పెడతారా అని అడిగేవాళ్లం, అంతే.

నొప్పి తగ్గి, ఈసీజీ బాగుండి, ట్రోపోనిన్ రెండోసారి కూడా నార్మల్ వచ్చినవాళ్లకు ముందు గుండె దాకా గొట్టం పంపకుండా స్కాన్‌తో చూసే సీటీ యాంజియోనో ట్రెడ్‌మిల్ పరీక్షో సరిపోతుందేమో చూస్తారని కూడా ఎవరూ చెప్పరు.

2017లో కేంద్రం స్టెంట్ల (రక్తనాళం మూసుకోకుండా లోపల పెట్టే చిన్న గొట్టాల) ధరలకు పరిమితి పెట్టింది, మేం వెళ్లిన చోట ఆ రేట్లు గోడకు అంటించి ఉన్నాయి, బాగుంది. ఆ పక్కనే యాంజియోలో ఉండే రిస్కులు కూడా ఒక పేజీలో, తెలుగులో అంటించడానికి ఏం అడ్డం? ఆరోగ్యశ్రీ ఆస్పత్రులతోనే మొదలుపెట్టొచ్చు. వారం తర్వాత మళ్లీ క్రియాటినిన్ చూపించుకోవాలని డిశ్చార్జి కాగితంలో ఉందట, అది మాకు చదివి చెప్పింది మందుల షాపు కుర్రాడు.

— ఒక పాఠకుడు, ఖమ్మం