నల్లరేగడి మీద పట్టాలు తెలిసిన నాన్నగారికి

క్రాలీ, ఇంగ్లండ్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. అమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయని తమ్ముడు చెప్పాక మనసు కుదుటపడింది. "ఆ పాత రైలు దగ్గర ఆదివారాలు ఏం పని చేస్తున్నావమ్మా?" అని మొన్న ఫోనులో అడిగారు. అది ఫోనులో తేలే విషయం కాదు, అందుకే ఈ ఉత్తరం.

మాకు దగ్గరలో బ్లూబెల్ రైల్వే అని ఒక లైను ఉంది. షెఫీల్డ్ పార్క్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దాకా 11 మైళ్లు. దాని మీద ఆవిరి ఇంజన్లు నడుస్తాయి. జీతం తీసుకునేవారు కొద్దిమందే. మిగిలినవారంతా నాలాగా సెలవు రోజున వచ్చి, పని చేసి, సాయంత్రం ఇంటికి వెళ్లేవారే. గుంటూరులో మీరు కీమన్‌గా రోజూ లైను వెంట నడిచి పట్టాలు చూసుకున్నట్టే, నేనూ ఇక్కడ పట్టాల గ్యాంగులో చేరాను.

ఈ లైను కథ మీకు నచ్చుతుంది. 1882లో మొదలైన ఈ దారిని నష్టాల పేరుతో 1955లో మూసేశారు. చెయిలీ అనే ఊళ్లో మ్యాజ్ బెస్సెమర్ అని ఒకావిడ ఉండేది. ఉక్కు తయారీకి కొత్త పద్ధతి కనిపెట్టిన హెన్రీ బెస్సెమర్‌కు ఆవిడ మనవరాలు. లైను కట్టేటప్పుడు చేసిన పాత చట్టాలన్నీ తిరగేసి, రోజుకు నాలుగు బళ్లు నడపాలని అందులో రాసి ఉందని పట్టుకుంది. ప్రభుత్వ రైల్వేకు దిక్కుతోచక 1956లో మళ్లీ బళ్లు నడపవలసి వచ్చింది. పార్లమెంటులో ఆ నిబంధనను రద్దు చేయించుకుని 1958 మార్చిలో శాశ్వతంగా మూశారు. అయినా జనం ఊరుకోలేదు. 1960 ఆగస్టు 7న స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే మళ్లీ బండి నడిపారు. 1875లో తయారైన స్టెప్నీ అనే చిన్న ఇంజన్ అప్పుడు వాళ్ల చేతికి వచ్చినవాటిలో ఒకటి.

అప్పటికి వాళ్లకు దక్కింది కొంత ముక్కే. ఉత్తరాన పట్టాలు పీకేశారు. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గర కొండను తొలిచి లైను వేసిన లోతైన కోతను ఊరి చెత్తతో నింపేశారు. ఏళ్ల తరబడి చందాలు పోగుచేసి ఆ చెత్తంతా తవ్వించారు. కొంత చెత్తను రైలు వ్యాగన్లలోనే బయటికి తరలించారు. 2013 మార్చిలో బండి మళ్లీ ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ చేరింది. ఆ కోతలోంచి బండి వెళ్లేటప్పుడు అటూ ఇటూ పచ్చటి గట్లు తప్ప ఏమీ కనబడవు. అంత కష్టం జరిగిన చోటని తెలియనివాళ్లకు చెప్పి చూపించాలనిపిస్తుంది నాకు.

జనం వచ్చేది ఇంజన్ కోసమే. దాన్ని పేరు పెట్టి పిలుస్తారు, పిల్లలను ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. తప్పేమీ లేదు, పొగా ఆవిరీ చూస్తే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ మీ కూతుర్ని కదా, నా కళ్లు కిందికే పోతాయి. ఇక్కడి గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1435 మిల్లీమీటర్లు, మన మీటర్ గేజ్‌కూ బ్రాడ్ గేజ్‌కూ మధ్యది. చాలాచోట్ల ఇంకా బుల్‌హెడ్ పట్టాలే ఉన్నాయి. అడుగున చదునైన పాదం ఉండదు కనుక అవి కింద అడ్డంగా వేసిన స్లీపరు దిమ్మ మీద తమంతట తాము నిలబడవు. స్లీపరుకు బిగించిన పోత ఇనుప చెయిర్‌లో కూర్చోబెట్టి పక్కన కీ అనే చెక్క చీల దిగ్గొట్టాలి. గజానికి 95 పౌండ్ల లెక్కన 60 అడుగుల పట్టా ఒక్కటే 860 కిలోలు తూగుతుంది. దాన్ని పొడవాటి పటకార్లతో అందరం ఒక్క మాట మీద ఎత్తుతాం. మీ గ్యాంగు పాట లేని లోటు అప్పుడు తెలుస్తుంది.

చెక్క కీలు ఎండకు కుంచించుకుపోయి, బళ్ల అదురుకు మెల్లగా బయటికి జారుతాయి. సుత్తి భుజాన వేసుకుని ఒక్కొక్కటే చూసుకుంటూ నడవాలి. బిగిసిన కీ మీద కొడితే సుత్తి ఎగిరి వెనక్కి వస్తుంది, వదులుగా ఉంటే దెబ్బ అక్కడే ఇంకిపోతుంది. వేసవికి ముందే పట్టాల అతుకుల దగ్గర బిగించే ఇనుప పలకలు, ఫిష్‌ప్లేట్లు విప్పి గ్రీజు పూస్తాం. 30 డిగ్రీల తేడా వస్తే 60 అడుగుల పట్టా 6 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకు పట్టేసి సాగే చోటు లేకపోతే లైను పక్కకు వంకర తిరుగుతుంది. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాలు చుట్టుకుని మీరు లైను మీదికి ఎందుకు వెళ్లేవారో, అమ్మ ఎంత వద్దన్నా ఎందుకు వినేవారు కాదో, ఇక్కడ గ్రీజు డబ్బా పట్టుకున్నాక నాకు పూర్తిగా అర్థమైంది.

అసలు మీకు రాయాలనుకున్నది ఇది. ఈ ససెక్స్ వైపు చాలాచోట్ల నేల బంకమన్ను. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని పగుళ్లిస్తుంది. మన నల్లరేగడి గుణమే. ఒక అతుకు కింద స్లీపరు బండి వెళ్లిన ప్రతిసారీ దిగి లేస్తోంది. కంకర సందుల్లోంచి బూడిదరంగు బురద చిమ్మి స్లీపరు అంచులకు పూత పూసినట్టు అంటుకుంది. జాకీలతో పట్టాను ఎత్తి, కొత్త కంకర కూరి, లెవెల్ సరిచేశాం. వానలు పడగానే మళ్లీ కుంగింది. అప్పుడు మా మేస్త్రీకి మీ మాట చెప్పాను: "ముందు నీళ్లు ఎటు పోతున్నాయో చూడాలి, కంకర తర్వాత." ఆయన ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పిన పెద్దమనిషి. మారు మాట్లాడకుండా లైను పక్కన ముళ్లపొదలు నరికించాడు. కింద పాత కాలువ పూడిపోయి ఉంది. దాన్ని తవ్వి నీటికి దారి ఇచ్చాం. బురద పట్టిన కంకరంతా తీసేసి శుభ్రమైనది పోసి, స్లీపర్ల కింద గట్టిగా కూరి ప్యాకింగ్ చేశాం. శీతాకాలం వానలన్నీ వెళ్లిపోయినా అతుకు కదలలేదు. ఈ సలహా ఎవరిదని అందరూ అడిగారు. గుంటూరులో కీమన్‌గా పనిచేసిన మా నాన్నగారిదని చెప్పాను.

మన వైపు మీటర్ గేజ్ తీసేసి బ్రాడ్ గేజ్ వేయడం తప్పని నేను అనను. ఒక గేజ్ బండి దిగి ఇంకో గేజ్ బండి ఎక్కడం, సరుకంతా ఒక వ్యాగన్లోంచి ఇంకో వ్యాగన్లోకి ఎత్తించడం ఎంత అవస్థో మీరే చెప్పేవారు. కానీ పాత ఇంజన్‌కు రంగులు వేసి స్టేషన్ ముందు నిలబెడితే రైల్వేను కాపాడినట్టు అనుకోవడం నాకు నచ్చదు. నిప్పు లేని ఇంజన్ కింద రెండు గజాల పట్టా ఉంటుంది, దాన్ని సుత్తితో తట్టి చూసే మనిషి ఉండడు. ఊటీ రైలూ మీటర్ గేజే. 2005లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది. అది ఈనాటికీ నడుస్తోందంటే రోజూ ఆ లైను మీద చెయ్యి వేసేవాళ్లు ఉన్నారు కనుకనే.

గుంటూరు-మాచర్ల మీటర్ గేజ్ లైనును మళ్లీ వేయమని నేను అడగలేను. ఆ లైనును నిలబెట్టిన పని మాత్రం మీ చేతుల్లో ఉంది. మీతో పనిచేసినవారిలో ఇప్పుడు ఎందరు మిగిలారో మీకే తెలుసు. ఇక్కడ వయసు మళ్లిన రైల్వే మనుషులను కూర్చోబెట్టి, పనిముట్లు చేతికిచ్చి, మాటలు రికార్డు చేసి దాచుకుంటున్నారు. తమ్ముడితో మాట్లాడాను. ఆదివారం ఫోను తెచ్చి మీ ముందు పెడతాడు. "నేనేం చెప్పగలనమ్మా, కూలి పని" అనకండి. ఆ మాట మీరు అన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. నల్లపాడు దగ్గర గ్యాంగుకు పెద్దగా, మేట్‌గా ఉన్న బాబాయి గారిని కూడా పిలిపించండి, ఇద్దరుంటే ఒకరికి తట్టనిది ఇంకొకరికి తడుతుంది.

అడగవలసినవి తమ్ముడికి రాసి పంపాను. ఒకటి మాత్రం తొందరగా కావాలి, మా మేస్త్రీ కూడా అడగమన్నారు. సత్తెనపల్లి వైపు నల్లరేగడి మీద మీటర్ గేజ్ రోజుల్లో కంకర కింద ఇసుక పొర వేసేవారా, రాతి పొడి వేసేవారా? వేస్తే ఎంత మందం? వాన వెలిసిన ఎన్నాళ్లకు మళ్లీ ప్యాకింగ్‌కు వెళ్లేవారు?

అమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

ఇట్లు
మీ పెద్దమ్మాయి