నాన్నకు, ఆ ఏడేళ్ల గురించి

నాన్నా,

ప్రభువు నామంలో వందనాలు. మొన్న ఫోన్ మాట మధ్యలో తెగిపోలేదు, నేనే పెట్టేశాను. ముందు అందుకు నన్ను క్షమించండి. "అంటే ఎత్తబడటం మీద నీకు నమ్మకం పోయిందా అమ్మా?" అని మీరడిగారు. కోపంగా అడిగి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. మీ గొంతులో భయం వినిపించింది. దానికి నా దగ్గర మాట లేకపోయింది. రెండు రోజులుగా ఆ గొంతే చెవుల్లో ఉంది. ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నమ్మకం పోలేదు నాన్నా. ప్రభువు వస్తాడు. బూర మోగుతుంది. క్రీస్తునందు మృతులైనవారు మొదట లేస్తారు, అప్పటికి బతికి ఉన్నవాళ్లం వాళ్లతో కలిసి మేఘాల మీద కొనిపోబడతాం. ఎత్తబడటం అంటే ఇదే కదా. మొదటి థెస్సలొనీక పత్రిక నాలుగో అధ్యాయంలో ఒక్క మాటను కూడా నేను వదులుకోలేదు. మారింది ఒక్క చోటే. ఇదంతా లోకం మీదికి రాబోయే ఏడేళ్ల శ్రమలకు ముందు జరుగుతుందని మీరు నేర్పారు. శ్రమల తర్వాత అని ఇప్పుడు నాకు అనిపిస్తోంది.

మందిరం గోడకు మీరు గీసి పెట్టిన చార్టు నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. ఎడమ చివర సిలువ, అక్కడి నుంచి సంఘ కాలం, దాని కొసన పైకి వెళ్లే ఎర్ర బాణం. ఆ పక్కనే నల్లరంగు పూసిన ఏడేళ్లు, మధ్యలో గీత. అటు మూడున్నర, ఇటు మూడున్నర. 42 నెలలన్నా, 1,260 దినాలన్నా అదే లెక్క అని నాకు తెలిసింది ఆ చార్టు ముందు నిలబడే. దానియేలు చెప్పిన డెబ్బై వారాల్లో, వారానికి ఏడేళ్ల లెక్కన, అరవై తొమ్మిది అయిపోయి, ఒక్కటి మిగిలి ఉందని మీరు వేలు పెట్టి చూపించేవారు.

ఒక సంగతి మీకు ఎప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు ఒక రోజు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఇంట్లో చప్పుడు లేదు. మీరు లేరు, అమ్మ లేదు, తమ్ముడి ఉయ్యాల ఖాళీగా ఉంది. ఎత్తబడిపోయారు, నేను మిగిలిపోయాను అనుకున్నాను. ఏ పాపం వల్ల మిగిలిపోయానా అని వెతుక్కుంటూ నేల మీద కూర్చుండిపోయాను. ఇంతలో పెరట్లోంచి తమ్ముణ్ణి చంకనేసుకుని అమ్మ వచ్చింది. నా మొహం చూసి కంగారుపడి ఏమైందని అడిగింది. చెప్పాను. "నిన్ను వదిలి నేనెక్కడికి పోతానే" అంది. ఆ మాటతో ఏడుపు ఆగింది గానీ భయం పోలేదు. పెద్దయ్యాక కూడా, ఫోన్ చేస్తే ఇంట్లో ఎవరూ ఎత్తకపోతే ఒక్క క్షణం గుండె ఆగినట్టయ్యేది.

మీ మీద నింద వేయాలని రాయడం లేదు. శ్రమల కాలం నుంచి మేం తప్పించుకోవాలని, మమ్మల్ని సిద్ధంగా ఉంచాలని మీరు తపించారు. అది ప్రేమే.

ఇక్కడ నేను వెళ్లే బైబిల్ స్టడీలో చాలా దేశాలవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒక అక్క, ఆరాధనకు కూడుకున్నందుకు సొంత అన్నను జైల్లో పెట్టిన దేశం నుంచి వచ్చింది. ఒక వారం నేను మీరు నేర్పినట్టే, చార్టు మొత్తం వరసగా చెప్పాను. సంఘం శ్రమల్లోకి వెళ్లదు, దేవుడు తన పెండ్లికుమార్తెను అంతకు ముందే తీసుకెళ్లిపోతాడు అన్నాను. ఆమె వాదించలేదు. "మా అన్న కూడా పెండ్లికుమార్తెలో భాగమే కదా?" అని మాత్రం అడిగింది. శ్రమలు వేరు, మహాశ్రమలు వేరు అని జవాబు చెప్పాను. చెబుతూనే నా మాట నాకే తేలికగా వినిపించింది. ఇంటికొచ్చి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది రెండో థెస్సలొనీక పత్రిక రెండో అధ్యాయం. ప్రభువు దినం వచ్చేసిందని ఎవరో చెప్పగా ఆ సంఘం కలవరపడింది. పౌలు ఆ అధ్యాయాన్ని ప్రభువు రాకడ గురించీ, మనం ఆయన దగ్గర కూడుకోవడం గురించీ అంటూ మొదలుపెడతాడు. వెంటనే, మొదట భ్రష్టత్వం సంభవించి పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడితేనే గాని ఆ దినం రాదంటాడు. సంఘం ముందే వెళ్లిపోయేదైతే వాళ్లను ఆదరించడానికి ఒక్క వాక్యం చాలు గదా నాన్నా. "మీరింకా ఇక్కడే ఉన్నారు, కాబట్టి ఆ దినం రాలేదు" అంటే సరిపోయేది. పౌలు అలా అనలేదు, జరగాల్సిన గుర్తులు చెప్పాడు. కూడుకోవడం వేరు, ప్రభువు దినం వేరు అని మీరంటారని తెలుసు. నేను ఎన్నిసార్లు చదివినా ఆ రెండూ నాకు ఒకే ఊపిరిలో వినిపిస్తున్నాయి.

మత్తయి 24లో కూడా అంతే. "ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే" అన్న తర్వాతే గొప్ప బూర, నలుదిక్కుల నుంచి ఏర్పరచుకున్నవారిని పోగుచేయడం. అది యూదుల గురించి అని మీరు చెప్పేవారు. పౌలు చెప్పే బూర, మేఘాలు, దూత అన్నీ అక్కడ కూడా ఉన్నప్పుడు రెండు వేర్వేరు సంఘటనలని అనుకోవడం నాకు కష్టంగా ఉంది. అదే అధ్యాయంలో పొలంలో ఇద్దరుంటే ఒకరు తీసుకుపోబడతారు అన్న మాట కూడా నోవహు జలప్రళయం వెంటనే వస్తుంది. ప్రళయంలో కొట్టుకుపోయింది అవిశ్వాసులు, మిగిలింది నోవహు. అక్కడ మిగలడమే మేలేమో అని మొదటిసారి తోచినప్పుడు, ఆ మధ్యాహ్నం నేల మీద కూర్చున్న పిల్లను లేపి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపించింది.

ఇంకో మాట. ప్రభువును "ఎదుర్కొనుటకు" కొనిపోబడతాం అని ఉంది చూడండి, ఆ గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకో రెండు చోట్ల కూడా వస్తుంది. ఒకటి పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడానికి వెళ్లిన కన్యకల ఉపమానంలో. రెండోది అపొస్తలుల కార్యాలు 28లో, పౌలు వస్తున్నాడని విని రోమాలోని సహోదరులు చాలా దూరం ఎదురెళ్లిన చోట. వాళ్లు పౌలుతో పాటు తిరిగి రోమాకే వచ్చారు. పైకి వెళ్లి ఏడేళ్లు అక్కడే ఉండటం కాకుండా, వస్తున్న రాజుకు ఎదురెళ్లి ఆయనతో పాటు దిగి రావడం అని నాకిప్పుడు ఆ వచనం అర్థమవుతోంది.

మీరు వెంటనే ప్రకటన 3:10 తీస్తారు. "శోధన కాలము" నుంచి ఫిలదెల్ఫియ సంఘాన్ని కాపాడతానన్న వాగ్దానం. ఆ కాపాడటం అన్న క్రియ, దాని పక్కనున్న చిన్న మాట, ఈ రెండూ గ్రీకులో కలిసి యోహాను 17:15లో కూడా ఉన్నాయి. అక్కడ ప్రభువు, వీళ్లను లోకంలో నుంచి తీసుకుపొమ్మని నేను ప్రార్థించడం లేదు, దుష్టుని నుంచి కాపాడమని ప్రార్థిస్తున్నాను అన్నాడు. ఉగ్రత మాట కూడా అలాగే చూస్తున్నాను. దేవుడు మనల్ని ఉగ్రతపాలు కావడానికి నియమించలేదు. అది నిజం. ఐగుప్తు మీద తెగుళ్లు పడినప్పుడు ఇశ్రాయేలీయులు ఆ దేశంలోనే, గోషెనులోనే ఉన్నారు గదా. ఉగ్రత వాళ్లను తాకలేదు.

ఏడేళ్ల మధ్యలో ఎత్తబడతామనేవాళ్లూ ఉన్నారు. ప్రకటన గ్రంథంలోని దేవుని ఉగ్రత పాత్రలు కుమ్మరించే ముందు అనేవాళ్లూ ఉన్నారు. దానియేలు చివరి వారాన్ని అసలు ఇలా లెక్కకట్టని సంఘాలు లోకంలో చాలా ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను.

మీ దగ్గరున్న బలమైన మాట నాకు తెలుసు. ప్రభువు ఏ క్షణమైనా రావచ్చు, మెలకువగా ఉండండి అన్నది. ముందు పాపపురుషుడు రావాలి, శ్రమలు రావాలి అంటే, ఇంకా టైముందిలే అని మనుషులు పడుకోరా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ ఒక్క చోట మీ చార్టే నాకంటే గట్టిగా నిలబడుతుంది. అందుకే ఈ విషయంలో ఎవరితోనూ తెగేసి మాట్లాడను. మొన్న మీతో అలా మాట్లాడినందుకే బాధ.

ఆ చార్టు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చదివాను. శ్రమలకు ముందే సంఘం ఎత్తబడుతుందనే బోధను ఒక పద్ధతిగా అమర్చి 1830ల నుంచి వ్యాపింపజేసింది బ్రదరెన్ సహవాసపు బోధకుడు జాన్ నెల్సన్ డార్బీ. 1862 నుంచి 1877 లోపు ఆయన ఉత్తర అమెరికాకు ఏడుసార్లు వెళ్లాడు. 1909లో స్కోఫీల్డ్ బైబిల్ అచ్చయ్యాక, వచనాల కింద అదే పేజీలో ఈ వివరణ కూడా ఉండటంతో అది ఇల్లిల్లూ చేరింది. అదే బ్రదరెన్ సహవాసంలో ఉన్న బెంజమిన్ న్యూటన్ ఒప్పుకోలేదు. అనాథ పిల్లలను సాకిన, మీరెంతో ప్రేమించే జార్జ్ ముల్లర్ కూడా, రెండో థెస్సలొనీక పత్రికను బట్టే, పాపపురుషుడు ముందు రావాలన్నాడు. రెండో శతాబ్దంలో బిషప్ ఐరేనియస్ కూడా సంఘం క్రీస్తు విరోధి చేతిలో శ్రమపడుతుందనే రాశాడు. కొత్త బోధ కాబట్టి తప్పు అని నేననను. వాక్యంలో ఉందా లేదా అన్నదే చూడాలని నేర్పింది మీరే. ఇలా అనుకుంటే విశ్వాసం తప్పినట్టు కాదని చెప్పడానికే ఈ పేర్లు రాశాను. ముల్లర్‌ను మీరు అవిశ్వాసి అనరు కదా.

తమ్ముడి సంగతి వేరు. ప్రభువు వచ్చే తేదీ చెప్పే ఆ వీడియో నాకూ పంపాడు. పరీక్ష ఫీజు కట్టడం ఎందుకు అంటున్నాడట. ఇందులో మనిద్దరిదీ ఒకే మాట, దయచేసి గట్టిగా చెప్పండి. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుణ్ణి నమ్మినవాళ్లు 1844 అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు రైతులు చేతికొచ్చిన పంట తీయలేదు. తెల్లారాక వాళ్లు ఏడ్చిన ఏడుపుకి మహా నిరాశ అనే పేరే మిగిలింది. ఇశ్రాయేలు దేశం ఏర్పడిన 1948కి నలభై ఏళ్లు కలిపి మరికొందరు 1988 అన్నారు. కొరియాలో 1992 అక్టోబర్ 28 అని ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్ముకున్నారు. ఆ తేదీ చెప్పిన బోధకుడి దగ్గర మాత్రం 1993లో డబ్బు చేతికొచ్చే బాండ్లు దొరికాయి. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు, తర్వాత అక్టోబర్ 21 అన్నాడు, మరుసటి ఏడాది అది పాపమని ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవమే. కానీ ఆయన్ను నమ్మి దాచుకున్నదంతా ఇచ్చేసినవాళ్లకు అది తిరిగి రాలేదు. తండ్రికి తప్ప కుమారునికి కూడా తెలియదన్న గడియ వీడియో తీసినవాళ్లకు ఎలా తెలుస్తుంది? వాణ్ణి తిట్టొద్దు నాన్నా. వాడిలో ఉన్నది కూడా నా చిన్నప్పటి భయమే. ఫీజు నేను పంపిస్తాను, పరీక్ష రాయమనండి.

చివరిగా ఒకటి. అమ్మ పోయినప్పుడు నేను సమయానికి రాలేకపోయాను. సమాధి దగ్గర మీరు ఈ నాలుగో అధ్యాయమే చదివారని తమ్ముడు చెప్పాడు. "ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకొనుడి" దగ్గర మీ గొంతు ఆగిపోయిందట, మిగతాది వాడు చదివాడట. పౌలు దాన్ని రాసింది కూడా మనలాంటి వాళ్లకే కదా, ఆప్తులను పోగొట్టుకుని, వాళ్లు ఆ దినాన్ని చూడలేరేమో అని ఏడుస్తున్నవాళ్లకు. వాళ్లే మొదట లేస్తారన్నాడు. మీ చార్టులోనైనా, నా చదువులోనైనా, అమ్మ మనకంటే ముందు లేస్తుంది. మనం వెళ్లేది ఆమెతో కలిసే. మొన్న ఫోన్‌లో ముందు ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేస్తాను. రెండో థెస్సలొనీక పత్రిక రెండో అధ్యాయం తెరిచి పెట్టుకోండి, మీ కళ్లద్దాలు దగ్గర ఉంచుకోండి. నేనెక్కడ తప్పుగా చదివానో వచనం వచనం చెప్పండి. ఈసారి మీరు ముగించేదాకా వింటాను.

మీ
పెద్దమ్మాయి