ఫోన్‌లో మౌస్ ఎక్కడిది మంత్రిగారూ?

రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను రాజోలు దగ్గర ఉండే రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్‌ని. సాయంత్రాలు మా అరుగు మీద డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతుంటాను. ఫీజు లేదు, ఎవరో ఒకరు నాలుగు కొబ్బరికాయలు పెట్టి వెళ్తారు.

మొన్న ఫిబ్రవరిలో ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకు జామ్ పరీక్ష రాసింది. తండ్రిది కొబ్బరి దింపు పని. వచ్చాక, "చివరి సెక్షన్‌లో లెక్క చేశాను గానీ నమ్మకం చాలక ఐదారు వదిలేశానండి మాస్టారూ, నెగెటివ్ ఉంటుందని టెన్షన్" అంది. నాకు నోట మాట రాలేదు. ఆ సెక్షన్‌లో 20 ప్రశ్నలకు 30 మార్కులు. ఆప్షన్లు ఉండవు, సమాధానం అంకెల్లో ఇవ్వాలి, తప్పయినా ఏమీ కొయ్యరు. కోసేది మొదటి 30 బిట్లకే: ఒక మార్కుదైతే మూడో వంతు, రెండు మార్కులదైతే మూడింట రెండు. అక్కడేమో తెలియనివి కూడా గుడ్డిగా పెట్టేసిందట! మన రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష, పీజీసెట్ అలవాటది. 90 నిమిషాలు, 100 బిట్లు, నెగెటివ్ లేదు. ఏదీ వదలొద్దని చెప్పేది మేమే. కెమిస్ట్రీ చెప్పాను గానీ ఆ అమ్మాయికి పరీక్ష చెప్పలేదు నేను.

ఇంకోటి. ఆ అంకెలు తెర మీది కీప్యాడ్‌లో మౌస్‌తో నొక్కాలి. కాలిక్యులేటర్ కూడా తెర మీదిదే, సొంతది తేనివ్వరు. ఆమె అవన్నీ చూడటం ఆ రోజే మొదలు. మాక్ టెస్టు ఉచితంగా వెబ్‌సైట్‌లో పెడతారు, నిజమే. మా పిల్లల దగ్గరున్నది ఫోను.

ఈ అమ్మాయి పరీక్ష దాకా వెళ్లింది, అదృష్టం. దరఖాస్తులు తీసుకునేది సెప్టెంబర్, అక్టోబర్‌లలో, అంటే ఐదో సెమిస్టర్ నడుస్తుండగా. మిగతావాళ్లు సంక్రాంతి సెలవుల్లో వచ్చి "జామ్ అంటే ఏంటండీ" అని అడుగుతారు. పీజీసెట్ వేసవి దగ్గరపడ్డాక కదా, అన్నీ అలాగే అనుకుంటారు. ఎంటెక్ సీట్లకు రాసే గేట్ పరీక్ష సంగతీ అంతే.

కొత్త కోచింగ్ సెంటర్లు అడగడం లేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ఉద్యోగాల కోసం జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఉన్నాయి. అక్కడే ఆగస్టులో ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు, మార్కులు ఎలా వేస్తారు అన్నది చెప్పించండి. శనివారాలు కంప్యూటర్ ల్యాబ్ తెరిపించి మాక్ టెస్టులు రాయించండి. ఆ బాధ్యత ఒక లెక్చరర్‌కి రాతపూర్వకంగా అప్పగించండి, ఆయనకు రెండు క్లాసులు తగ్గించండి. లేకపోతే ఎవరూ చెయ్యరు, ఉద్యోగంలో ఉండగా నేనూ చెయ్యలేదు.

మనిషి కావాలంటే నేనున్నాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం రమ్మన్నా వస్తాను.

ఆ అమ్మాయి మళ్లీ రాస్తానంటోంది. ప్రస్తుతానికి మా మనవడి పాత లాప్‌టాప్‌కి మౌస్ తగిలించి ఇచ్చాను.

ఇట్లు,
రాజోలు నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్