హెచ్ఎంను క్లాసులోకి వెళ్లనివ్వండి

అయ్యా,

మా మనవరాలు విశాఖలో ఓ ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదువుతోంది. సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పుణ్యమా అని బల్లలు, మరుగుదొడ్లు బాగుపడ్డాయి, కాదనను. భిన్నాల లెక్కలు మాత్రం ట్యూషన్‌లోనే నేర్చుకుంటోంది. అడుగుదామని వెళ్తే హెచ్ఎం గారు ఫోన్‌లో విద్యాశాఖ యాప్‌లోకి మధ్యాహ్న భోజనం ఫొటోలు ఎక్కిస్తూ కనిపించారు. పాపం, ఆవిడ మాత్రం ఏం చేస్తారు?

టీచర్లకు, హెచ్ఎంలకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. సరే, ఆ తర్వాత? వెనక బెంచీలో కూర్చుని పాఠం ఎలా సాగుతోందో చూసి, టీచర్‌తో నాలుగు మాటలు మాట్లాడే తీరిక హెచ్ఎంకు ఉండాలి కదా! యాప్‌ల పనికి బడికో గుమస్తాను వేయమని విద్యాశాఖను కోరుతున్నాను.

– ఓ తాత, గాజువాక, విశాఖపట్నం