వార్షిక నివేదిక: సరుకు మోసే బ్యాటరీ సైకిళ్లు, భీమవరం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా పట్టించుకున్నది డెలివరీ సైకిళ్లకు మోటార్లు మార్పించే అలవాటును. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) 2(యు) ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తేనే బండికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. 500 వాట్ల హబ్ మోటారు (చక్రం మధ్యలో బిగించేది) వేయించినా, మోటారును నడిపే కంట్రోలర్ పెట్టెలో వేగాన్ని హద్దులో ఉంచే వైరు పీకించినా అది మోటారు వాహనమే. 1988 మోటారు వాహనాల చట్టం కింద లైసెన్సు (సెక్షన్ 3), రిజిస్ట్రేషన్ (39), థర్డ్ పార్టీ బీమా (146) మూడూ మెడకు చుట్టుకుంటాయి. బీమా లేకుండా ఎవరికైనా తగిలితే నష్టపరిహారం మొత్తం బండి వాళ్లే కట్టుకోవాలి.

మోటారు మార్పించేది ఎక్కువగా వంతెన ఎక్కలేకే. మనిషి 65, సైకిలు 35, సరుకు 60 కలిపితే 160 కేజీలు. నూటికి ఐదు వాలున్న కాలువ వంతెన మీద గంటకు 10 కిలోమీటర్లతో వెళ్లాలంటే సుమారు 260 వాట్లు కావాలి. వంతెన మొదట్లోనే చిన్న గేరు వేసి తొక్కుతూ ఎక్కితే 250 లోపు మోటారు చాలు. తొక్కకుండా యాక్సిలరేటరు తిప్పి పట్టుకుంటే వేగం పడిపోతుంది, హబ్ లోపలి తీగచుట్ట వేడెక్కుతుంది.

అందుకే సరుకు 60 కేజీలు దాటకూడదని సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం. దాటితే ముందు పోయేది వెనక చక్రం పుల్లలే. హబ్ దగ్గర వంపులో విరుగుతాయి. ఒకటి విరిగితే పక్కవాటి మీద బరువు పడి వరసగా తెగుతాయి. ఐస్ వేసిన చేపల పెట్టె అయితే నీళ్లు కారి మోటారు వైరు కనెక్టరులోకి దిగుతాయి. వైరును కనెక్టరుకు ముందు కిందికి వంచి కట్టండి, నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

బ్యాటరీల సంగతి ఇంకా ముఖ్యం. 13 సెల్స్ వరస ఉన్న 48 వోల్టుల లిథియం అయాన్ ప్యాక్ నిండితే 54.6 వోల్టులు. 16 సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్ నిండితే 58.4. రెండు ఛార్జర్లకూ పిన్ను ఒకటే ఉండొచ్చు. రెండో ప్యాక్ ఛార్జరును మొదటి ప్యాక్‌కు పెడితే మంటలకూ మనకూ మధ్య బీఎంఎస్ (ప్యాక్ లోపల ఛార్జింగును కాపలా కాసే సర్క్యూట్) ఒక్కటే అడ్డు. వోల్టేజి చూడకుండా ఛార్జరు అరువు ఇవ్వకండి, తీసుకోకండి.

మోసే సరుకు బరువుకు, పెట్టె వెడల్పుకు 2(యు)లో హద్దు లేదు. మోటారును మాత్రమే కొలిస్తే చాలదని మా అభిప్రాయం. పెట్టె హ్యాండిల్ వెడల్పు దాటకూడదని, ప్రకాశం చౌక్ దగ్గర సరుకు దించుకునే చోటు గీయాలని పురపాలక సంఘానికి అర్జీ ఇచ్చాం, జవాబు రావాలి.

మోటారు మార్పించినవాళ్లు వానాకాలం లోపు పాతది తిరిగి వేయించుకోవాలి. తనిఖీకి వచ్చేటప్పుడు పరీక్ష ధ్రువపత్రం నకలు, ఛార్జరు రెండూ వెంట తేవాలి.