మొన్న ఆదివారం షట్టర్ ఎందుకు దించామంటే

కాజీపేట నుంచి, హసన్‌పర్తి నుంచి వచ్చి, మూసిన షట్టర్ చూసి వెళ్లిపోయినవాళ్లు నన్ను మన్నించాలి. కరెంటు లేదని పక్క షాపాయన చెప్పాడట. అది నిజం కాదు. పొగ మీద వండే మటన్ చేదెక్కింది, మొత్తం 14 కిలోలు.

మన స్మోకర్‌లో మాంసం కింద మంట ఉండదని మీకు తెలుసు. పక్క పెట్టెలో కట్టె మండుతుంది, ఆ వేడీ పొగా మాంసం మీదుగా పోయి అవతలి కొసన చిమ్నీలోంచి బయటపడతాయి. కట్టె బాగుంటేనే పొగ బాగుంటుంది.

రెండేళ్లుగా మాకు తుమ్మ, మామిడి కట్టె తెచ్చే ఆయన శనివారం రాత్రి బండి దించాడు. "ఆర్నెల్లు ఎండినయి అన్నా" అన్నాడు. నమ్మాను. రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే తెలిసిపోయేది. ఎండినదైతే ఖంగుమంటుంది, పచ్చిదైతే దబ్బుమంటుంది. అలిసిపోయి కొట్టి చూడలేదు. తెల్లారగట్ల 3 గంటలకు ముట్టిస్తే కట్టె కొసల నుంచి బుస్సుమని నురగ! ఆ నీళ్లు ఆవిరి చేయడానికే మంట సరిపోయింది. 120 డిగ్రీల దగ్గర నిలవాల్సిన వేడి 90కి పడింది. ఫోన్ చేస్తే "వానాకాలం కదా అన్నా" అంటాడు. వానాకాలమని నాకు తెలియదా? పచ్చివని ముందే చెప్తే దుకాణం ఆ రోజు బందు పెట్టుకునేవాణ్ని. ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు.

కానీ వేడి పోతోందని చిమ్నీ సగం మూసింది మాత్రం నేనే. చిమ్నీ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉండాలి. వేడిని చిన్న కట్టెలతో, పెట్టె తలుపు దగ్గరి గాలితో అదుపు చేయాలి. కొత్తగా వచ్చిన కుర్రాడికి నేర్పించేది ఇదే. టెన్షన్‌లో నేనే మరిచాను. దట్టమైన తెల్లపొగ గంటల తరబడి మాంసాన్ని చుట్టుకుంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ముక్క నోట్లో పెట్టుకుంటే నాలుక మొద్దుబారింది. అప్పటికే నాలుగు పార్సిళ్లు ఇచ్చేశాను. రుచి చూడకుండా ఎందుకిచ్చావంటే నా దగ్గర జవాబు లేదు.

"కారం, మసాలా దట్టించి ఫ్రై చేస్తే ఎవరికీ తెల్వదు బావా" అన్నాడు మా బామ్మర్ది. మీ దగ్గర దాచడం ఎందుకు, కడాయి పెట్టాను. నూనె కూడా కాగింది. ప్రతి ఆదివారం ఒక మాస్టారు వస్తారు. నిమ్మకాయ పిండకుండా, ఉల్లిపాయ ముట్టకుండా ముందు ఒట్టి ముక్క తిని, తలూపి, అప్పుడు ప్లేటు దగ్గరికి లాక్కుంటారు. ఆయనకు ఈ ఫ్రై పెట్టి ఏం చెప్పాలి? అరగంట అలాగే నిలబడి స్టవ్ ఆపేశాను. ఆ 14 కిలోల డబ్బు గురించి ఇంట్లో ఇంకా మాట్లాడుకోలేదు.

గ్యాస్ ఓవెన్ పెట్టుకో, ఈ బాధలన్నీ ఉండవు అని అరడజను మంది సలహా ఇచ్చారు. పెట్టను. గ్యాస్ మీద వండింది కావాలంటే మీ ఇంట్లోనే ఉంటుంది కదా.

ఈసారి కట్టె వేరే దగ్గర తెచ్చాను, ఒక్కొక్కటీ కొట్టి చూసే దించుకున్నాను. వేడి చూపించే మీటర్‌ను స్మోకర్ మూత మీద నుంచి తీసి మాంసం పెట్టే జాలీ ఎత్తులో పెట్టించాను. ఆదివారం 12కు కాదు, 1 గంటకు తెరుస్తాం. రేట్లు అవే.

ఆ నాలుగు పార్సిళ్లలో ముగ్గురికి డబ్బు తిరిగి ఇచ్చేశాను. నాలుగో ఆయన ఎర్ర స్కూటర్ మీద నయీంనగర్ వైపు వెళ్లారు, నంబర్ లేదు. మీ డబ్బు కౌంటర్‌లో కవర్‌లో పెట్టి ఉంచాను, వచ్చి తీసుకోండి.