తుపాకీ ఒక్కటే కాదు, తూటా గురించి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఎల్ఓసీ దగ్గర మన స్నైపర్లకి ఫిన్లాండ్ సాకో రైఫిళ్లు ఇచ్చిన సంగతి మీ పేపర్లో చదివాను, చాలా సంతోషం అనిపించింది, కానీ అంతా తుపాకీ గురించే, అందులో పేలే .338 లాపువా మాగ్నం అనే తూటా గురించి ఒక్క ముక్క లేదు, పైగా బుల్లెట్ అన్నా తూటా అన్నా ఒకటే అన్నట్టు రాసేశారు. బుల్లెట్ అంటే ముందున్న, ఎగిరిపోయే ముక్క మాత్రమేనండి. ఇత్తడి గొట్టం, అందులో పేలుడు మందు, అడుగున ఆ మందుని అంటించే ప్రైమర్, అన్నీ కలిస్తేనే తూటా.

అసలు కథంతా ఆ గొట్టంలోనే ఉంది. 1980ల్లో అమెరికాలో ఈ తూటా పని మొదలుపెట్టినప్పుడు, పెద్ద జంతువుల వేటకి వాడే పాత .416 రిగ్బీ తూటా గొట్టానికే మెడ సన్నం చేసి చూశారు, మందు పేలినప్పుడు పుట్టే ప్రెషర్‌కి అది ఆగలేదు. ఫిన్లాండ్ లాపువా కంపెనీవాళ్లు అడుగు భాగాన్ని మందంగా, గట్టిగా మళ్లీ డిజైన్ చేసి 1989కల్లా దారికి తెచ్చారు. 16 గ్రాముల బుల్లెట్ సెకనుకి దాదాపు 900 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది, బరువుగా పొడుగ్గా ఉంటుంది కాబట్టి గాలికి అంత తొందరగా పక్కకి పోదు, కొండల్లో కావాల్సింది అదే కదా. 2009లో అఫ్గానిస్తాన్‌లో బ్రిటిష్ సైనికుడు క్రెయిగ్ హారిసన్ 2,475 మీటర్ల దూరం కొట్టింది దీంతోనే. మన పాత డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్ అయితే 800 మీటర్ల దాకానే.

ఆర్మీలో చేసి రిటైరైన మా బాబాయ్ ఎప్పుడూ అంటారు, మందు తూకంలో కాస్త తేడా వచ్చినా దూరంలో దెబ్బ జానెడు కిందికి పోతుందని. అందుకే ఈ తూటాలు మనకి ఎక్కడినుంచి వస్తున్నాయో, ఇక్కడ తయారీ ఎంతవరకు వచ్చిందో మీ రిపోర్టర్లతో ఒక మంచి కథనం రాయించండి సార్.